జార్జియోని ఏడిపించకు

అమ్మాయికి ఆశీస్సులు.

చావు మంచం మీది తల్లి చుట్టూ బంధువులంతా చేరే 'లా మమ్మా' అనే ఫ్రెంచి పాటని అనుసరిస్తూ నువ్వు రాసిన గేయంలో ఆరో చరణం దాకా బాగానే వచ్చాను. అక్కడ జార్జియో తలుపు తోసుకుని లోపలికొచ్చి, తల్లి పాదాల మీద పడి, "నీ కడుపున చెడబుట్టాను, క్షమించమ్మా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చేసరికి నాకు ఒళ్లు మండింది. కాగితాలు బల్ల మీద పడేసి కాసేపు వరండాలో పచార్లు చేశాను. ముక్కూమొహం తెలియని పిల్లని పట్టుకుని ఈయన ఇలా మొదలుపెట్టాడేమిటని అనుకోకు. పనికిరాని రాత మీద నాకు కోపం రాదు. చదవడం ఆపేస్తాను, అంతే.

గేయంతో పాటు పంపిన వ్యాసం బాగుంది. తూలూజ్‌లో మీ ఇంటావిడ, అదే ఓనరమ్మ, ఇస్త్రీ చేసుకుంటూ ఈ పాట పెట్టుకుంటుందనీ, గిటారు వాయించే మామయ్య దగ్గరికి రాగానే ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి వింటుందనీ రాశావే, ఆ నాలుగు వాక్యాలూ బాగున్నాయి. మెచ్చుకోలు ఇక్కడితో సరి.

ఇప్పుడు జార్జియో సంగతి. ఐదో చరణంలో వాడు పేకాటలో ఆస్తి తగలేశాడని రాశావు. తండ్రి మీద చెయ్యి చేసుకున్నాడని రాశావు. పదేళ్లు ఇంటి మొహం చూడలేదని రాశావు. ఇదంతా నీకెవరు చెప్పారు? 1963లో ఆ పాట రాసిన రొబేర్ గాల్ చెప్పలేదు. దానికి బాణీ కట్టి పాడిన షార్ల్ అజ్నవూర్ చెప్పలేదు. 'లా మమ్మా' మొత్తంలో జార్జియోకి దక్కింది రెండే రెండు పాదాలు. అందరూ వచ్చారు, దక్షిణ ఇటలీ నుంచి కూడా వచ్చారు, ఆఖరికి శాపగ్రస్తుడైన కొడుకు జార్జియో కూడా వచ్చాడు, చేతుల నిండా కానుకలతో. అంతే. మళ్లీ వాడి ఊసే ఉండదు. ఏం తప్పు చేశాడో తెలియదు. ఎవరు శపించారో తెలియదు. తల్లి వాణ్ణి చూసిందో లేదో కూడా తెలియదు. ఆ కానుకలు ఎక్కడ పెట్టాలో తెలియక వాడు గుమ్మంలో ఎంతసేపు నిలబడి ఉంటాడో నువ్వే ఊహించుకోవాలి. అరవై ఏళ్లుగా జనం ఊహించుకుంటూనే ఉన్నారు. నువ్వొచ్చి వాడి చేతిలో పేకముక్కలు పెట్టి ఆ పని ముగించేశావు.

చచ్చిపోబోతున్న మనిషికి కానుకలు తేవడం ఎంత అర్థంలేని పనో చూడు. అదే ఆ పాదంలోని ప్రాణం. నీ జార్జియో మాత్రం వట్టి చేతులతో వచ్చాడు. కానుకలకి బదులు కన్నీళ్లు తెచ్చాడు.

నీ గేయంలో కన్నీళ్లు, కన్నీరు, అశ్రువులు, చెమ్మగిల్లిన కళ్లు అన్నీ కలిపి లెక్కపెట్టాను. పదకొండు తేలాయి. అసలు పాటలో కన్నీళ్ల ప్రస్తావన లేదని కాదు. పల్లవిలో ఉంది, అది కూడా చిరునవ్వులతో కలిపి ఒకే పాదంలో. కానీ చరణాల్లో, ఆ గదిలో, ఒక్కరు కూడా ఏడవరు. మరేం చేస్తారు? పిల్లలు మంచం చుట్టూ గచ్చు మీద చప్పుడు చేయకుండా ఆడుకుంటారు. ఎవరో ఆవిడ తలగడలు పైకి సర్దుతారు. మగవాళ్లు మండుటెండలో ఆ దారులన్నీ పడి వచ్చారు కనక చల్లగా కొత్త ద్రాక్షసారా తాగుతారు. తలగుడ్డలూ టోపీలూ బల్లల మీద కుప్పగా పడి ఉంటాయి. గిటారు వచ్చిన మామయ్య ఒకాయన ఆవిడకి ఇబ్బంది కలక్కుండా మెల్లగా వాయిస్తాడు. ఆడవాళ్లు పాతకాలంలో రాత్రిళ్లు కూర్చుని పాడుకున్న దిగులు పాటలు గుర్తు తెచ్చుకుని, పసిబిడ్డని నిద్రపుచ్చుతున్నట్టు పాడతారు. విచిత్రంగా దిగులే అనిపించడం లేదని మధ్యలో ఒక మాట. చివరికి 'ఆవే మరియా', అంటే మరియమ్మ ప్రార్థన.

అమ్మాయ్, చావు రాబోతున్న ఇల్లు నువ్వు చూశావా? చూసి ఉంటే ఆ టోపీల కుప్ప తీసేయడానికి నీకు చేతులొచ్చేవి కావు. మన ఇళ్లలో అయితే గుమ్మం బయట చెప్పుల కుప్ప. ఎవరి చెప్పులు ఎవరేసుకెళ్లారో తెలియక సాయంత్రం చిన్న గొడవ. నువ్వు టోపీలు తీసేశావు, పిల్లల్ని తీసేశావు, మామయ్య చేతిలోంచి గిటారు లాగేసుకుని ఆయన్ని కూడా ఏడవమని మూల కూర్చోబెట్టావు. తాగడం తీసేసి కింద గమనిక పెట్టావు: "తెలుగు పాఠకుల మనోభావాల దృష్ట్యా." తెలుగు పాఠకుల మనోభావాల గురించి నీకు బెంగ అక్కర్లేదు. మన పల్లెల్లో పెద్దప్రాణం పోయే రాత్రి మగవాళ్లు గొడ్లపాక వెనక ఏం చేస్తుంటారో తెలుగు పాఠకులకి నీకంటే బాగా తెలుసు.

నేనూ ఇలాంటి గమనికల బాధితుణ్ణే. కొత్తగా రాస్తున్న రోజుల్లో మా మేనత్త పోయిన రోజు మీద ఒక కథ రాశాను. ఆవిడ పెద్ద మరిదికీ ఆ ఇంటికీ ఏళ్లుగా మాటల్లేవు. ఎందుకో మాకెవరికీ సరిగ్గా తెలియదు, ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవారు. కబురందగానే ఆయన వచ్చాడు, ఒక గోతం నిండా బత్తాయిలతో. బోరింగు దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. గోతం కొట్టుగదిలో పెట్టి, వసారాలోకొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా "పొద్దుట్నుంచీ ఎవరైనా ఏమైనా తిన్నారా?" అన్నాడు. మా నాన్న లేచి ఆయనకి కుర్చీ వేశాడు. కథంతా ఆ బత్తాయిల కోసమే రాశాను. పత్రికలో అచ్చయి వచ్చాక చూస్తే బత్తాయిలు లేవు. సంపాదకుడు వాటిని కొట్టేసి, ఆ స్థానంలో "పెద్ద మరిది కన్నీరు మున్నీరుగా విలపించాడు" అని సొంత కవిత్వం చేర్చాడు. అడిగితే, "చావింట్లో బత్తాయిలేమిటండీ, పాఠకులు నవ్వుతారు" అన్నాడు. ఆ కథకి పాఠకుల ఉత్తరం ఒక్కటే వచ్చింది. అందులో మెచ్చుకున్నది ఆ కన్నీరు మున్నీరునే. ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు. ఆయన మీద నా కోపం మాత్రం దిట్టంగా ఉంది.

ఇలాంటివాళ్లు ఆయనతో పోలేదు. మదర్స్ డే వచ్చిందంటే ప్రత్యేక సంచికకి "అమ్మ మీద ఏదైనా ఆర్ద్రంగా" కావాలని ఫోన్లు మొదలవుతాయి. ఆర్ద్రం అంటే వాళ్ల లెక్కలో త్యాగమూర్తి, కరిగే కొవ్వొత్తి, కనిపించే దైవం. అమ్మకి తలనొప్పి రాదు, పక్కింటావిడతో పోట్లాట రాదు, సీరియల్ పిచ్చి ఉండదు. ఈ సంకలనాలు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి, అన్నీ ఉచిత ప్రతులే. నీ గేయం తిన్నగా ఆ అరలోకే పోయేలా ఉంది. నా టెన్షన్ అదే.

ఇక నీ ప్రశ్న: "అనుసరణలో ఎంత స్వేచ్ఛ తీసుకోవచ్చు?" దీనికి మాత్రం జవాబు చెప్తాను, ఎందుకంటే నీ వ్యాసంలో ఇంగ్లీషు పాట గురించి తేలిగ్గా రాసేశావు. 'ఫర్ మామా' అనే ఆ పాట రాసిన డాన్ బ్లాక్ లండన్ మనిషి. లండన్‌లో బస్సు డ్రైవరుగా పనిచేసి గాయకుడైన మ్యాట్ మన్రోకి మేనేజరు. యూరప్‌లో ఎక్కడో మంచి బాణీ దొరికితే దానికి తన సొంత ఇంగ్లీషు మాటలు కట్టేవాడు. ఆస్ట్రియా గాయకుడు ఊడో యూర్గెన్స్ 1964లో యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీలో పాడిన పాట బాణీ మీద మన్రో కోసం 'వాక్ అవే' రాసిందీ ఆయనే. 'లా మమ్మా' బాణీతోనూ అదే పని చేశాడు. గది మొత్తం ఖాళీ చేశాడు. దక్షిణ ఇటలీ వాళ్లు లేరు, జార్జియో లేడు, మామయ్య లేడు. తల్లీ కొడుకూ ఇద్దరే మిగిలారు. నేను లేనప్పుడు నా బదులు నువ్వు ఉండు, పిల్లల్ని ప్రేమగా చూసుకో అని ఆవిడ మాట తీసుకుంటుంది. తను ఏడవడం ఆవిడ కంటపడకూడదని వాడి తాపత్రయం. తర్వాత కాలం గడుస్తుంది, మళ్లీ వసంతం రాబోతుంటే పిల్లలు పాడుతుంటే ఆవిడ ఇష్టంగా వినే 'ఆవే మరియా' వాడికి గుర్తొస్తుంది. ఫ్రెంచి పాటలోంచి బాణీ కాక ఇంగ్లీషులోకి పూర్తిగా దాటొచ్చింది ఆ ప్రార్థన ఒక్కటే.

నాకు ఆ ఇంగ్లీషు పాట అంత ఇష్టం లేదు. ఒక్కడే నిలబడి పాడే గాయకుడికి కొలిచి కుట్టిన పాట అది. అయినా ఆయన పనిలో నిజాయితీ ఉంది. ఇది అనువాదమని చెప్పుకోలేదు. గాల్ కట్టిన ఇల్లు తనకి అక్కర్లేదనుకున్నాడు, పక్కన తన ఇల్లు కట్టుకున్నాడు. దాన్నే 1965లో అమెరికాలో కోనీ ఫ్రాన్సిస్ పాడింది, జెర్రీ వేల్ పాడాడు. ఇద్దరూ ఇటలీ నుంచి వలసవచ్చిన కుటుంబాల బిడ్డలే. రే చార్ల్స్ పాడాడు. కోనీ గొంతులో ఆ ఖాళీ గది కాస్త నిండినట్టు ఉంటుంది, అది వేరే సంగతి.

అటువైపు నెదర్లాండ్స్‌లో కోరీ బ్రోకెన్ డచ్చిలో పాడింది. అంతకుముందు 1957లో యూరోవిజన్ గెలిచినావిడ. అజ్నవూర్ తనే ఇటాలియన్‌లో పాడాడు, స్పానిష్‌లో పాడాడు. తమాషా ఏమిటంటే, ఈ ఇటాలియన్ ఇల్లు కట్టినవాళ్లలో ఇటలీవాడు ఒక్కడూ లేడు. గాల్ ఫ్రెంచివాడు. అజ్నవూర్ 1924లో పారిస్‌లో పుట్టిన ఆర్మేనియన్ శరణార్థుల కొడుకు. అసలు ఇంటిపేరు అజ్నవూరియన్. చెల్లాచెదురైన బంధువులు ఒక గదిలో పోగవడం అంటే ఏమిటో అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే కాబోలు, ఎవరెవరు వచ్చారో హాజరు తీసుకున్నట్టు మొదలయ్యే ఆ పాటని అంత తాపీగా పాడాడు.

నువ్వు ఇటు గాల్‌నీ పట్టుకోలేదు, అటు బ్లాక్‌లా తెగించనూ లేదు. పేర్లు ఉంచావు, మనుషుల్ని తీసేశావు. జార్జియో అన్న పేరు ఉంది, వాడి మాటతీరు చూస్తే కృష్ణా జిల్లా. ఇల్లు ఏ దేశంలో ఉందో అర్థం కాదు. ఇటలీ ఇల్లయితే ఇటలీలోనే ఉంచు, మామయ్యకి గిటారు ఇవ్వు, వాళ్లని తాగనివ్వు, కూడలిలో మరియమ్మ విగ్రహం పెట్టు. లేదూ మన ఇల్లే కావాలంటే జార్జియోని ఇటలీకి సాగనంపి, మీ ఊళ్లో ఏళ్ల తరబడి ఏ గుమ్మం తొక్కని మనిషి ఎవరో వెతుక్కో. ఆయన చేతిలో ఏముంటుందో చూడు. అది కనిపించేదాకా రాయకు.

తల్లి మీదే వచ్చిన 'మామీ బ్లూ' పాట గురించి నీ వ్యాసంలో "అది కూడా ఇలాంటిదే" అన్నావు. ఇలాంటిది కాదు, బొత్తిగా తిరగేసిన వ్యవహారం. ఫ్రెంచి సంగీతకర్త యూబేర్ జిరో పారిస్ ట్రాఫిక్‌లో కారులో ఇరుక్కుపోయినప్పుడు ఆ బాణీ తట్టిందంటారు, 1970 ప్రాంతంలో. మరుసటేడు స్పెయిన్ బృందం పాప్ టాప్స్ ఇంగ్లీషులో పాడింది, అందులో గాయకుడు ఫిల్ ట్రిమ్ మాటలు రాశాడు. అదే ఏడు ఫ్రెంచిలో నికొలెటా పాడింది, ఇటాలియన్‌లో అప్పటికి ఇంకా టీనేజీ పిల్ల అయిన ఇవానా స్పాన్యా పాడింది, దలిదా పాడింది, రోజర్ విటేకర్ పాడాడు. 1973లో అమెరికాలో స్టోరీస్ అనే బృందం. ఆ పాటకి బలం పల్లవి. రెండు మాటలు, వాటి చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగే రాగం. అదొక షామియానా. ఏ ఇంటి ముందు వేసినా సరిపోతుంది, కింద ఎవరి కార్యం జరుగుతోందన్నది దానికి అనవసరం. ఇంగ్లీషులో ఇరవై ఒకటో ఏట ఇల్లొదిలిన కొడుకు, నికొలెటా పాడిన దాంట్లో తల్లికి ఒక్క ముద్దు కూడా పెట్టకుండా వెళ్లిపోయిన కూతురు. ఎవరైనా పర్వాలేదు. నికొలెటా పాటలో ఇల్లు మూతబడి ఉంటుంది, ముసలివైపోయిన పిల్లీ కుక్కలూ వీడ్కోలు చెప్పడానికి వస్తాయి చూడు, నాకు ఆ ఒక్క చరణం చాలు. మిగతాది ఎన్ని భాషల్లో ఎంతమంది పాడారన్న జాబితా కింద పనికొస్తుంది. నీ వ్యాసంలో సగం ఆ జాబితాయే. కత్తిరించు.

నీ గొంతు పేలవంగా ఉందని మీ స్నేహితులు అంటున్నారన్నావు. అజ్నవూర్‌ని విమర్శకులు అన్నదాంతో పోలిస్తే నీకు పూలదండలు పడుతున్నాయనుకో. గొంతు బొంగురు, మనిషి పొట్టి, మొహం బాగోదు అని ఏళ్ల తరబడి రాశారు. అప్పటికే పేరున్న గాయని ఎడిత్ పియాఫ్ పంచన ఉంటూ, ఆవిడకీ ఇతరులకీ పాటలు రాసిస్తూ, చిన్నాచితకా పనులు చేస్తూ కాలం గడిపాడు. 1960లో పారిస్‌లోని అల్హంబ్రా హాల్లో, పైకి రాలేకపోయిన గాయకుడి కథ పాడి నిలబడ్డాడు. 'లా మమ్మా' వచ్చేనాటికి నలభైకి దగ్గరపడ్డాడు. అప్పటి ఫ్రాన్సు ఎలా ఉందనుకున్నావు? కుర్రకారు ఊగిపోయే 'యేయే' అనే పాప్ పాటల హోరు. 1963 జూన్‌లో పారిస్ నాస్యోఁ కూడలిలో ఆ కుర్ర గాయకుల కచేరీకి లక్షకి పైగా జనం విరగబడ్డారు. జానీ హాలిడే, సిల్వీ వార్తాన్, ట్విస్టు. అలాంటి ఏడాదిలో ఒక ముసలావిడ మంచం మీద చచ్చిపోతున్న పాట, డాన్సుకి పనికిరానిది, తాపీగా సాగేది. అది లక్షల్లో అమ్ముడుపోయింది.

ఇక్కడ నువ్వు పొరపాటున "ఫ్యాషన్‌ని ఎదిరించిన కళాకారుడు" అని రాసేస్తావేమో, ముందే చెప్తున్నాను. ఎదిరించలేదు. జానీ హాలిడేకి పాటలు ఇచ్చిందీ ఆయనే, మరుసటేడు సిల్వీ వార్తాన్ పాడిన డాన్సు పాటకి మాటలు రాసిందీ ఆయనే. రొబేర్ గాల్ అయితే 1964లో కూతురు ఫ్రాన్స్ గాల్ కోసం బడులు కనిపెట్టాడంటూ షార్లమేన్ చక్రవర్తిని ఆటపట్టించే పిల్లల పాట రాశాడు. రెండూ చేశారు. ఒకటి చేస్తూ రెండోది చెడగొట్టుకోలేదు. మా రోజుల్లో విప్లవం లేకపోతే అచ్చు వేసేవారు కాదు, ఆ తర్వాత మట్టివాసన లేకపోతే వేసేవారు కాదు, ఇప్పుడు అర్థమైతే వేయడం లేదు. వీటిలో దేన్నీ నెత్తికెక్కించుకోకు. కానీ ఎవరైనా డబ్బులిచ్చి పిల్లల పాట రాయమంటే శుభ్రంగా రాసిపెట్టు. అద్దె కట్టాలి కదా.

మిగతా ప్రశ్నలు చాలా అడిగావు. బాణీలో ఇమిడేలా మాత్రలు లెక్కపెట్టాలా అంటే, పాడించే ఉద్దేశం ఉంటే లెక్కపెట్టు, లేకపోతే వద్దు. పాడించి బయటపెట్టాలంటే హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి, ఆ తతంగం గురించి నన్నడగకు. ఏ పత్రికకి పంపాలో కూడా నన్నడగకు. నేను చెప్పిన పత్రికకి పంపి, నా పేరు చెప్తే, నీకు నష్టం తప్ప లాభం ఉండదు.

గేయం తిరగరాసి పంపు. ఐదూ ఆరూ చరణాలు మొత్తం తీసేయాలి. ఏడో చరణంలో ఆడవాళ్లు పాడే చోట నువ్వు పెట్టిన జోలపాట బాగుంది, దాని జోలికి పోకు. తాగే మగవాళ్లని వెనక్కి తీసుకొస్తే వాళ్లకి ఒక చరణమైనా ఇవ్వు, ఊరికే గ్లాసు చేతికిచ్చి వదిలేయకు. కింద గమనికలు వద్దు. నెల తర్వాత పంపినా నాకు తొందర లేదు, ఈలోగా కళ్ల ఆపరేషన్ ఒకటి ఉంది. ఇంకో మాట, ఈసారి ఫోన్‌లో ఫొటోలు తీసి పంపకు. మీ ఇంటావిడ బల్ల మీద లైటు సరిగ్గా లేదు కాబోలు, మూడో పేజీలో సగం నీ చేతి నీడే కనిపిస్తోంది. టైపు చేసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.

ఆశీస్సులతో.